బావ గొంతు మీద బిగిసిన స్క్రూ

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. ఉత్తరాలు తెచ్చే పోస్టుమ్యాన్‌తో సహా అందరికీ అతను ‘బిగింపు’. ఆ పేరు పెట్టింది బావ, అంటే అక్క మొగుడు. కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. ఆయన గొంతులోంచి ఒక పేరు వచ్చిందంటే అది ఊరంతా తిరిగి రావలసిందే, ఇక చెరుగుతుందా?

పేరు వెనక కథ పెద్దదేం కాదు. తల్లి పోయాక అక్క వెంట బావ ఇంటికి వచ్చి పెరిగినవాడు అతను. చేతులు ఊరుకునేవి కావు. గడియారం మొదలు రేడియో దాకా ఆ ఇంట్లో అతను విప్పని వస్తువు లేదు. మీసాలు మొలుస్తున్న రోజుల్లో ఒకసారి బావ మైకు పాడైతే నేను చేస్తానన్నాడు, చేశాడు కూడా. మర్నాడు టమాటాల పాట మంచి ఊపులో ఉండగా లోపల స్క్రూ ఒకటి వదులై మైకు నోరు మూసుకుంది. బావకి మైకు ఉన్నా లేకపోయినా ఒకటే అనుకోండి, కానీ నలుగురిలో పరువు పోయిందే! మార్కెట్టు మార్కెట్టంతా వినేలా దులిపేశాడు.

"ఒరేయ్, స్క్రూ పెట్టడం వచ్చినవాడికి బిగించడం రాదట్రా? అన్నం పెట్టి మంచినీళ్ళివ్వనట్టుంది నీ పని!"

ఆ తిట్టు అతని చేతుల్లోకి దిగిపోయింది. ఆనాటి నుంచి ఏ స్క్రూ బిగించినా అందరూ ఆపే చోట ఆపడు, ఇంకో అర చుట్టు తిప్పుతాడు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లొచ్చాయి, అతనికి ఒక దుకాణం వచ్చింది, తల మీద వెంట్రుకలు సగం పోయాయి. అర చుట్టు మాత్రం పోలేదు. అతను ముట్టుకున్న మిషను ఇంకెవరి దగ్గరికి వెళ్ళినా వాళ్ళు దండం పెట్టి వెనక్కి పంపేసేవాళ్ళు. "బిగింపు చెయ్యి పడిందా? అయితే ఆయన దగ్గరికే తీసుకెళ్ళండి, మా వల్ల కాదు" అనేవాళ్ళు. అతనికది బిరుదులా ఉండేది. గర్వం ఎక్కడ దాక్కుని ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఇతనికి మణికట్టులో ఉండేది.

మైకు లేకుండా మార్కెట్టంతా వినపడే ఆ బావకి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు చూసి, మనిషి కావాలంటే గొంతు వదులుకోవాలన్నారు. ఆపరేషనయ్యాక మెడ ముందు ఒక కన్నం ఉంటుంది, ఊపిరంతా అందులోంచే, మాట మాత్రం ఇక రాదు అని చెప్పేశారు. అక్క ఏడ్చింది. బావ ఏడవలేదు గానీ ఆ రోజంతా ఇంట్లో వాళ్ళని ఒక్కమాటా మాట్లాడనివ్వకుండా తనే మాట్లాడాడు.

ఉపాయం చెప్పింది అక్క కూతురు. ఆపరేషనుకు ముందే నాన్న మాటలన్నీ నాన్న గొంతుతోనే కంప్యూటర్లో పెట్టేసుకుందాం మామయ్యా, తెర మీది బొమ్మ నొక్కితే మాట వచ్చేలా నేను చేస్తాను అంది. బిగింపు దుకాణంలో ఉన్న ల్యాప్‌టాపుల్లో మంచిది ఏరి, శుభ్రం చేసి తెచ్చిచ్చాడు. ఫోన్లో పెడదామంటే ఆ చిన్న తెర మీద బావ లావు వేళ్ళు నిలవవు.

బావ మొదట మొండికేశాడు. పెట్టెతో మాట్లాడ్డమేమిట్రా, పిచ్చోడిలాగా, అన్నాడు. తీరా కూర్చున్నాక ఆపితే ఒట్టు! నీళ్ళివ్వు, ఆకలేస్తోంది, నొప్పిగా ఉంది లాంటి పనికొచ్చే మాటలు ఒక్క పూటలో తేల్చేశాడు. మిగిలిన రోజులన్నీ తిట్లకీ వేళాకోళాలకే. ‘ఏమేవ్’ అని పెళ్ళాన్ని పిలవడమే నాలుగు రకాలు పెట్టాడు: ఆకలితో, కోపంతో, ప్రేమతో, ఊరికే. బావమరిది కోసమైతే ఒక పేజీకి పేజీయే. ‘ఒరేయ్ బిగింపూ’, ‘తిన్నావట్రా?’, ‘నీ మొహం తగలెయ్య’, ‘నీకు పిల్లనిచ్చినవాడి ఓపిక గొప్పదిరా’. ఒక్కో మాటా చెప్పి, మళ్ళీ విని, ఇందులో పస లేదే అని మళ్ళీ చెప్పి పెట్టాడు.

ఆ తర్వాత గొంతు పోయింది. పెట్టె మాట్లాడింది. అవసరాలకి పలకైనా చాలేది, కాదనం. కానీ పలక మీద రాసిన తిట్టు తిట్టవుతుందా? అది చదువుకునేసరికి కోపం చల్లారిపోతుంది. బావ బొమ్మ నొక్కగానే హాల్లోంచి వంటింటి దాకా ‘ఏమేవ్!’ అని వినపడేది. అక్క అక్కణ్ణుంచే, వస్తున్నా ఉండండీ అని విసుక్కునేది. ఆ విసుగుతోనే ఆ ఇల్లు ఇల్లులా నిలబడింది.

బిగింపు వారానికోసారి వెళ్ళేవాడు. వెళ్ళి బావ ఎదురుగా కూర్చుని పెట్టె వంకే చూస్తూ మాట్లాడేవాడు. బావ ముఖం వంక చూసేవాడు కాదు. చప్పుడు లేకుండా కదిలే ఆ పెదాల్ని చూడటం అతనికి చేతనయ్యేది కాదు. మాట వచ్చేది పెట్టెలోంచే కదా, పెట్టె వంక చూస్తే తప్పేముంది అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు.

ఇక బావ చేతులా, అవీ తక్కువవేం కావు. పొద్దుపోక ఆ ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి దుమ్ము దులుపుతున్నాడని, స్క్రూలు మంచం కింద పారేస్తున్నాడని అక్క ఫోన్లో మొరపెట్టుకుంది. బిగింపు ఒకసారి చెప్పాడు, రెండోసారి బతిమాలాడు. మూడోసారి ఒళ్ళు మండింది. ఒక మూల స్క్రూకి గట్టిపడితే ఊడని జిగురు పూసి, తన అర చుట్టుకి ఇంకో అర చుట్టు కలిపి బిగించాడు.

"ఇప్పుడు విప్పు బావా, చూస్తాను!"

బావ తాపీగా ఒక బొమ్మ నొక్కాడు. ‘నీ మొహం తగలెయ్య’ అంది పెట్టె. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, చెప్పాలంటే మనకే మంటగా ఉంటుంది. దుకాణానికి వచ్చే ప్రతివాడికీ బిగింపు ఒక ప్రవచనం చెప్పి గానీ వదలడు. మీ ఫోటోలూ ఫైళ్ళూ ఇంకోచోట కాపీ పెట్టుకోండి బాబూ, మిషనుని నమ్మకండి బాబూ, రేపు నా కాళ్ళ మీద పడ్డా లాభముండదు! అలా చెప్పే మనిషి బావ గొంతుకి మాత్రం కాపీ తియ్యలేదు. మన ఇంట్లోదే కదా, వచ్చే వారం చూద్దాం. వచ్చే వారం వెళ్తే బావ కబుర్లతో పొద్దుపోయేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టని ఊరికే అన్నారా!

అదొక మంగళవారం, దుకాణం తెరిచి ఊడుస్తున్నాడు. అక్కా బావా రిక్షా దిగారు. అక్క చేతిలో గుడ్డ సంచి, సంచిలో ల్యాప్‌టాప్.

"రాత్రి నుంచీ పలకడం లేదురా. కరెంటు పెట్టినా లేవడం లేదు. చూడు, వీపు ఎలా ఎత్తుకొచ్చిందో" అంది అక్క.

అతను బల్ల మీద బోర్లా పెట్టి చూశాడు. లోపల బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత దూది కుక్కిన దిండులా లేచి ఉంది. దగ్గరికి వంగితే తియ్యగా, మందు సీసా తెరిచినట్టు వాసన. ఆ వాసన అతనికి తెలుసు. బ్యాటరీ కారడం మొదలైంది. ఇలాంటివి ఊరికే ఉంచితే అంటుకుంటాయి. ఇవాళే విప్పాలి, ఇప్పుడే విప్పాలి. బ్యాటరీ బయట పడెయ్యాలి, పక్కనే ఉన్న హార్డ్ డిస్కు తియ్యాలి. బావ గొంతు ఉన్నది ఆ డిస్కులో. లోకంలో ఇంకెక్కడా లేదు.

"ఏం కాదక్కా, మూత తీస్తే అయిపోతుంది" అన్నాడు.

స్క్రూలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేశాయి. మూలది మిగిలింది. స్క్రూడ్రైవరు పెట్టి, బలంగా ఒత్తి తిప్పాడు. జర్రుమంది. స్క్రూ కదల్లేదు, దాని తల మీది గాడి అరిగింది. మళ్ళీ తిప్పాడు, ఇంకాస్త అరిగింది. దీపం దగ్గరికి జరిపి చూస్తే గాడి స్థానంలో నున్నటి గుంట. మెకానిక్కులు దీన్ని స్క్రూ స్లిప్పయింది అంటారు, ఏదో కాలు జారినంత తేలిగ్గా.

బావ స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. అక్క ఆయన పక్కన నిలబడింది.

పక్క కొట్టు టైలరు తొంగిచూసి, ఎలాస్టిక్ ముక్క ఇమ్మంటే ఇచ్చి, "ఏంటి గురూ, నువ్వు బిగించిందే?" అన్నాడు.

"నేనే."

"అయితే మరి నీకు నువ్వే దండం పెట్టుకోవాలి" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. పాపం ఆయనకేం తెలుసు.

ఎలాస్టిక్ ముక్క గాడి మీద వేసి, దాని మీంచి స్క్రూడ్రైవరు ఒత్తి తిప్పాడు. కాస్త పట్టినట్టే పట్టి, ఎలాస్టిక్ చిరిగింది. ఒక పాత స్క్రూడ్రైవరు మొనకి జిగురు రాసి స్క్రూ తలకే అతికించి, ఆరనిచ్చి తిప్పాడు. కొత్త జిగురు ఫట్‌మని ఊడింది. పాత జిగురు, తను పూసిన జిగురు, ఊడలేదు. రేకు రంపంతో కొత్త గాడి కోద్దామంటే స్క్రూ తల బావిలాంటి లోతు కన్నంలో ఉంది, రంపం అందదు. జిగురు కరిగేలా వేడి చేద్దామంటే పక్కనే ఉబ్బిన బ్యాటరీ. మూతని ఆ ఒక్క స్క్రూ చుట్టూ తిప్పి లాగుదామంటే అంచు కింద ప్లాస్టిక్ హుక్కులు, గుంజితే బ్యాటరీ చిట్లుతుంది. ఎటు చూసినా గోడే. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇంకెవరికైనా చూపిద్దామట్రా?" అంది అక్క మెల్లగా, అతనికి బాధ కలుగుతుందేమోనని భయపడుతూ.

అతనికి ఇప్పుడు గర్వమెక్కడిది? పెద్ద రోడ్డు మీది మెకానిక్కుకి ఫోన్ చేశాడు. అవతలివాడు అంతా విన్నాడు.

"నువ్వు బిగించావు, పైగా జిగురు పూశావు, కింద ఉబ్బిన బ్యాటరీ. అన్నా, ఏమనుకోకు, నేను ముట్టుకోను. డ్రిల్లు పెట్టాలి. పెట్టేదేదో నువ్వే పెట్టుకో."

మిగిలింది అదే. చేతి డ్రిల్లుతో స్క్రూ తలని తొలిచెయ్యాలి. తల ఊడితే మూత వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే ఆ స్క్రూ దిగేది డిస్కుని పట్టి ఉంచే రేకులోకే. స్క్రూకి అడుగునే డిస్కు. కాస్త లోతుకు పోతే ఇక చెప్పేదేముంది.

ఆ మాట దాచకుండా చెప్పాడు. "బావా, చెయ్యి జారితే నీ మాటలు పోతాయి. చెయ్యకపోతే మొత్తం కాలిపోతుంది. నువ్వు ఊ అంటేనే పెడతాను." చెప్పేటప్పుడు కూడా బావ మోకాళ్ళ వంకే చూశాడు.

బావ లేచి వచ్చి, ఉబ్బిన ఆ మూత మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వేడిగా ఉందని ఆయనకీ తెలిసింది. తల ఊపి వెళ్ళి మళ్ళీ కూర్చున్నాడు.

సన్న మొన ఏరి, ఎంత లోతు దిగాలో అంత వరకు దానికి టేపు చుట్టాడు బిగింపు. మొదలుపెట్టాడు. సన్నటి ఇనప పొడి మెరుస్తూ పైకి వచ్చింది. తిప్పడం, ఆపడం, ఊదడం, దీపంలో చూడటం. అక్క ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో గానీ ఆమె పెదాలు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి. స్క్రూ తల పలచబడింది, అంచు మాత్రమే మిగిలింది. ఇంకొక్క అర చుట్టు చాలు.

బిగించడంలో ఆగడం నేర్చుకోని చెయ్యి విప్పడంలో మాత్రం ఆగుతుందా? పని అయిపోవచ్చిందనగానే ఆ మణికట్టు తనకి అలవాటైన బలమే వేసింది. తల టక్కున ఊడింది. అడ్డం పోయేసరికి మొన, టేపుతో సహా, లోపలికి దిగిపోయింది. పొడి ఆకు మీద కాలేసినంత చిన్న చప్పుడైంది.

"వచ్చేసింది! వచ్చేసిందండీ!" అంది అక్క.

అతను మూత తీశాడు. ఉబ్బిన బ్యాటరీని పదిలంగా విడదీసి ఇసక బకెట్లో పెట్టి వచ్చాడు. అప్పుడు చూశాడు. డిస్కు రేకు మీద, స్క్రూ ఉన్న చోటికి సరిగ్గా అడుగున, గుండ్రటి కన్నం. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం మీద గీత.

అయినా ఆశ చావదు కదండీ. డిస్కు తెచ్చి ఇంకో మిషనుకి తగిలించాడు. అది టిక్కు టిక్కుమని కొట్టుకుంది, గరగరమంది, ఆగింది. తీసి మళ్ళీ తగిలించాడు. టిక్కు టిక్కు, గరగర. ఇంకోసారి తగిలిస్తే ఆ చప్పుడు కూడా లేదు.

"ఏరా?" అంది అక్క.

"పోయింది."

"ఏం పోయింది?"

"బావ గొంతు పోయిందక్కా. నేనే తొలిచేశాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అవతలి పక్క కొట్లో జెరాక్సు మిషను ఎవరివో కాగితాలు ఒకటి తర్వాత ఒకటి తోస్తోంది. బిగింపుకి ఒక్కటే కోరిక కలిగింది. బావ తనని తిట్టాలి. ఆనాడు మార్కెట్లో తిట్టినట్టు, వీధి వీధంతా వినేలా, టైలరూ జెరాక్సువాడూ పరిగెత్తుకొచ్చేలా తిట్టాలి. తిట్టే గొంతు ఏమైందో అప్పుడు గుర్తొచ్చింది.

తలెత్తి ఆపరేషను తర్వాత మొదటిసారి బావ ముఖంలోకి సూటిగా చూశాడు. బావ పెదాలు కదులుతున్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతకాలం ఈ ముఖం ఎదుటే కూర్చున్నాడు, ఒక్క మాటైనా చదవడం నేర్చుకోలేదు.

"ఏమంటున్నాడక్కా?"

అక్క మొగుడి నోటి వంకే చూస్తోంది. ఆమెకి అర్థమవుతుంది. కాపరం చేసిన మనిషి, అర్థం కాకేం?

"పర్లేదులే అంటున్నారు" అంది.

బావ అరచేత్తో బల్ల మీద ఫట్‌మని కొట్టాడు. స్క్రూలన్నీ ఎగిరి కింద పడ్డాయి. పెదాలు ఇంకా వేగంగా కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. మెడ మీది కన్నంలోంచి గాలి బుస్సు బుస్సుమని వచ్చింది, అంతే.

"నీ తప్పేం లేదంటున్నారురా. ఎవరైనా అలాగే చేసేవాళ్ళు అంటున్నారు."

బావ ఆమె భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. నోరు పెద్దగా తెరిచి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. చాలా మాటలు చెప్పాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రతి మాటా ఆమెకి అందిందని బిగింపుకి కూడా తెలిసిపోయింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఉన్నదున్నట్టు చెప్పు. తిడుతున్నాడు కదూ? తిట్టనీ. నువ్వే ఆ మాటలు నాతో అను."

"తిట్టడం లేదురా. నిన్నెందుకు తిడతారు? నువ్వు భోంచేశావో లేదో అంటున్నారు."

బిగింపు బల్ల సొరుగులోంచి కాగితం, పెన్ను తీసి బావ ముందుకి తోశాడు. "రాయి బావా. నోటికొచ్చినవన్నీ రాయి."

బావ ఆ పెన్ను వంక చూశాడు. నోటికొచ్చినవి! ఒక వేలితో దాన్ని వెనక్కి తోసేశాడు. అది దొర్లి బల్ల అంచు దాకా వెళ్ళి ఆగింది. ఆయన మళ్ళీ ఒకసారి పెళ్ళాం ముఖంలోకి చూశాడు, ఇకనైనా చెబుతావా అన్నట్టు. ఆమె చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ తల తిప్పేసుకుంది. తమ్ముడు బాధపడకూడదు, మొగుడు చెడ్డవాడు కాకూడదు. ఆమెకి ఆ క్షణాన ఇంకేమీ తోచలేదు, ఆమెని మాత్రం ఏమనగలం?

బావలో ఏదో వదులైపోయింది. భుజాలు దిగిపోయాయి. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని వీధి వంక చూస్తూ ఉండిపోయాడు. రిక్షాలు పోతున్నాయి, ఎవడో బండి మీద గిన్నెలు అమ్ముకుంటూ కేకలు వేస్తున్నాడు. బిగింపు ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుని పడిపోయిన స్క్రూలు ఏరుతున్నాడు. ఎందుకు ఏరుతున్నాడో అతనికే తెలియదు. కళ్ళకి నీళ్ళు అడ్డం వచ్చి ఒక్కటీ కనపడటం లేదు.

"బావా" అన్నాడు నేల మీంచే. "ఒక్క మాట అను బావా."

కాసేపటికి అక్క ఖాళీ గుడ్డ సంచి మడత పెట్టుకుంది.

"ఇంటికి పోదాం అంటున్నారు" అంది.

బిగింపు తలెత్తి చూశాడు. బావ పెదాలు కదల్లేదు.